రివాల్వర్‌తో జింక వేట: ఏ తూటా వాడాలి?
అమెరికాలో చాలా రాష్ట్రాలు లైసెన్స్ ఉన్నవారికి రివాల్వర్‌తో జింక వేటకు అనుమతిస్తాయి. సరైన తూటా లేకపోతే జింక వెంటనే పడదు, గాయంతో పారిపోయి పొదల్లో విలవిల్లాడి చస్తుంది. అందుకే .38 స్పెషల్ లాంటి తక్కువ బలం ఉన్నవి పనికిరావు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ దాదాపు 50 గజాల లోపే నమ్మకం. గురి కుదిరినవారికి .44 మాగ్నమ్ 100 గజాల దాకా సరిపోతుంది, కానీ చేతికి గట్టిగా తంతుంది.

మొనతో సహా రాగి తొడుగున్న తూటా సన్నని రంధ్రం చేసి దూసుకుపోతుంది. పలు రాష్ట్రాల్లో జింక వేటకు అది నిషేధం. లోపలికి దిగాక విచ్చుకునే మెత్తని మొన తూటానే మేలు. సీసం తూటా అయితే దాని తునకలు మాంసంలో మిగిలిపోవచ్చు, తినే ఇంట్లో పిల్లలుంటే రాగి తూటా మంచిది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలు వాడకూడదు.

మన దేశంలో మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద జింక వేటే నేరం.