కీళ్ళనొప్పులు – మందుసీసాలో లేని మందు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు మోకాళ్ళే గుర్తుకు వచ్చాయి. మన సమావేశాల్లో డి.ఏ. తరువాత ఎక్కువగా చర్చకు వచ్చేది వాటి సంగతే గదా!

నొప్పి ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకుంటాం. రేపు లేవగలనా, బస్సు మెట్టు ఎక్కగలనా, కోడలిని ఎన్నిసార్లు సాయం అడగను అనే దిగులు నిద్ర పట్టనివ్వదు. నిద్ర లేకపోతే తెల్లవారేసరికి నొప్పి ఇంకా ఎక్కువ. నా శ్రీమతి పదేళ్ళుగా పడుతున్న బాధ చూసి చెబుతున్న మాట ఇది.

వైద్యులు చాలాకాలం నొప్పి సంగతే చూశారు. 1899లో ఆస్పిరిన్ వచ్చింది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్, రుమటాయిడ్ కీళ్ళవాతంతో కదలలేకపోతున్న ఒక యువతికి కార్టిజోన్ ఇంజక్షన్లు ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆమె నడిచి బజారుకు వెళ్ళింది! 1950లో ఆయనకు, మరి ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. అయితే ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం బయటపడి ఆ సంబరం చల్లబడింది.

నా దృష్టిలో మనబోటివారికి పనికివచ్చే కథ 1970ల చివర మొదలయింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే నర్సు కీళ్ళవాతం ఉన్నవారికి తరగతులు పెట్టారు. వారానికి రెండు గంటలు, ఆరు వారాలు. నడిపేది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. వారిలో చాలామందికి అదే జబ్బు. వ్యాయామం, ఒళ్ళు సడలించుకోవడం, దిగులును తట్టుకోవడం, డాక్టరుతో మాట్లాడే తీరు, ఇవీ పాఠాలు.

1993లో ప్రకటించిన ఫలితాలు నన్ను ఆశ్చర్యపరిచాయి. నాలుగేళ్ళ తరువాత వారి శారీరక ఇబ్బంది 9 శాతం పెరిగింది. అయినా నొప్పి సగటున 20 శాతం, డాక్టరు దగ్గరకు వెళ్ళడం 40 శాతం తగ్గాయి. కీళ్ళు బాగుపడకుండానే నొప్పి తగ్గిందన్నమాట! దీనికి ముఖ్యకారణం 'నా జబ్బును నేను సంబాళించుకోగలను' అనే ధైర్యమేనని లోరిగ్ తేల్చారు.

ఆ ధైర్యం కలిగించే పద్ధతి చాలా చిన్నది. ప్రతివారం ఎవరి పని వారే ఎంచుకోవాలి: ఉదాహరణకు 'వారంలో నాలుగు రోజులు, కాఫీ తాగాక, వీధి చివరిదాకా నడక.' చేయగలననే నమ్మకానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోవాలి. ఏడుకు తగ్గితే పనిని తగ్గించుకోవాలి. మరుసటి వారం ఏమైందో తోటివారికి చెప్పాలి.

మన సంఘంలోనూ నెలకొక ఆదివారం ఇలా కూర్చోవచ్చు. మేడమీద గది మాత్రం వద్దు.