రుషికొండ రిసార్ట్‌లో రూమ్ బుక్ చేస్తున్నారా? ముందు ఏ బ్లాకో అడగండి

వైజాగ్ ట్రిప్‌లో రుషికొండ వైపు పెద్ద రిసార్ట్‌లో దిగాలనుకుంటున్నారా? హోటల్ పేరు చూసుకుంటే సరిపోదు. లోపల ఏ బ్లాక్‌లో రూమ్ ఇస్తున్నారన్నదే అసలు లెక్క.

'సీ ఫేసింగ్' అంటే కిటికీ నేరుగా సముద్రం వైపు ఉండాలి. 'సీ వ్యూ' అంటే బాల్కనీలోంచి పక్కకి తొంగిచూస్తే కనిపించేది కూడా కావచ్చు. డబ్బు కట్టేముందే ఫోన్ చేసి తేల్చుకోండి. ఇంకో సంగతి.. విశాఖకి సముద్రం తూర్పున ఉంది. కాబట్టి రూమ్‌లోంచి కనిపించేది సూర్యోదయమే, సూర్యాస్తమయం కాదు. ఎనిమిదింటిదాకా నిద్రపోయేవాళ్లు కర్టెన్ వేసుకోవడానికి ఎక్కువ కట్టినట్టే!

పెద్దవాళ్లు వెంట ఉంటే వ్యూ కంటే మెట్లు ముఖ్యం. కొండవాలులో కాటేజీలు విడివిడిగా ఉన్నచోట టిఫిన్‌కి వెళ్లాలన్నా ఎక్కి దిగాలి. రెస్టారెంట్ ఉన్న బ్లాక్‌లోనే, లిఫ్ట్ పక్కన రూమ్ అడగండి.

చిన్నపిల్లలుంటే ఇసుకలోకి నేరుగా దారి ఉన్న రూమ్ వద్దు. ఇక్కడి అలలు పెద్దవాళ్లనే లాగేస్తాయి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన రుషికొండ బీచ్‌లో కూడా లైఫ్‌గార్డులు ఉన్నచోటే నీళ్లలో దిగాలి.

అక్టోబర్, నవంబర్‌లో తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలులకి బీచ్ ఎదుట హోటళ్ల అద్దాలు పగిలిపోయాయి. ఆ నెలల్లో బుక్ చేస్తే, ఏ తేదీదాకా క్యాన్సిల్ చేసుకున్నా డబ్బు పూర్తిగా వెనక్కిస్తారో ముందే చూసుకోండి.