ఓటరు నిరాసక్తత (తిరుపతి, చిత్తూరు ప్రాంతం)

ఓటుహక్కు ఉండి, పోలింగు కేంద్రం అందుబాటులో ఉండి కూడా ఎన్నికలలో పాల్గొనకపోవడాన్ని ఓటరు నిరాసక్తత అంటారు. ఆర్థిక ఇబ్బందులు ముదిరిన కాలంలో ప్రజలకు పాలనపై నమ్మకం సడలి ఓటు వేయడం మానుకుంటారని సాధారణంగా భావిస్తారు. దక్షిణ రాయలసీమలోని పూర్వపు చిత్తూరు జిల్లా ఎన్నికలను పరిశీలిస్తే ఈ అభిప్రాయం పూర్తిగా నిలబడదు. ఇక్కడ కరువు మండలాల పల్లెలు బారులు తీరి ఓటు వేస్తూ వచ్చినవి. పోలింగుకు ఎక్కువగా దూరమైనది విశ్వవిద్యాలయాలు, ఉద్యోగాలు, యాత్రికుల రాకపోకలు కలిగిన తిరుపతి పట్టణం. 2003లో అలిపిరి వద్ద జరిగిన పేలుడు, దాని వెంట వచ్చిన 2004 ఎన్నికలు ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఆధారం.

అలిపిరి ఘటన, 2004 ఎన్నికలు

అలిపిరి తిరుమల కొండల పాదభాగంలో ఉన్నది. కాలినడకన వెళ్ళే భక్తుల మెట్లదారి, వాహనాలు వెళ్ళే ఘాట్ రోడ్డు ఇక్కడినుండే మొదలవుతాయి. 2003 అక్టోబరు 1న, బ్రహ్మోత్సవాల సందర్భంగా శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళుతున్న అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు వాహనశ్రేణిపై పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఇక్కడ క్లెమోర్ మందుపాతరలు పేల్చారు. ముఖ్యమంత్రి గాయాలతో బయటపడ్డాడు. ఆయనతోపాటు ఉన్న మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి, తిరుపతి శాసనసభ్యుడు చదలవాడ కృష్ణమూర్తి తదితరులు కూడా గాయపడ్డారు.

ఈ ఘటన తరువాత ఆరు వారాలకు, నవంబరు 14న, రాష్ట్ర శాసనసభ రద్దయినది. ప్రజలలో ఏర్పడిన సానుభూతి చల్లారకముందే ఎన్నికలు జరగాలన్నది పాలకపక్షం ఆలోచన అని అప్పట్లో విస్తృతంగా చర్చ జరిగింది. అయితే ఓటర్ల జాబితాల సవరణ ముగియవలసి ఉన్నందున ఎన్నికల సంఘం తొందరపడలేదు. చివరకు లోక్‌సభ ఎన్నికలతో కలిపి 2004 ఏప్రిల్ 20, 26 తేదీలలో రెండు విడతలుగా పోలింగు జరిగినది. ఈ అయిదు నెలల వ్యవధిలో పల్లెలలో సంభాషణ అలిపిరి నుండి మళ్ళీ బోరుబావుల వైపు, అప్పుల వైపు మళ్ళింది.

294 స్థానాలున్న శాసనసభలో కాంగ్రెసు 185, తెలుగుదేశం 47 స్థానాలు గెలుచుకున్నవి. తిరుపతి స్థానం కూడా తెలుగుదేశం చేజారి కాంగ్రెసుకు దక్కింది. కుప్పంలో మాత్రం చంద్రబాబునాయుడు పెద్ద ఆధిక్యంతో గెలిచాడు. కాంగ్రెసు ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి 2004 మే 14న ప్రమాణస్వీకారం చేసి, తొలి సంతకం రైతులకు ఉచిత విద్యుత్తు దస్త్రం మీద పెట్టాడు.

ఈ వ్యాసానికి సంబంధించినంత వరకు ముఖ్యమైనది ఫలితం కాదు, హాజరు. 1999లో సుమారు 69 శాతం ఉన్న రాష్ట్ర పోలింగు 2004లో సుమారు 70 శాతంగా నమోదైనది. అనగా వరుస కరువులు, రైతుల ఆత్మహత్యలు, ఎన్నికలను బహిష్కరించమన్న నక్సలైట్ల పిలుపు ఇవేవీ ఓటర్ల సంఖ్యను తగ్గించలేదు. కష్టం ఓటరును ఇంట్లో కూర్చోబెట్టలేదు, పాలకులను మార్చడానికి వరుసలో నిలబెట్టింది.

కరువు మండలాలు

మదనపల్లె, తంబళ్ళపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలు పూర్వపు జిల్లాకు పడమటి భాగం. ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువు, బావి, ఆ తరువాత బోరు, వీటిమీదనే సేద్యం. మెట్టభూమిలో వానను నమ్ముకొని వేసే వేరుశనగ ప్రధానమైన పంట. 2002లో దేశవ్యాప్తంగా నైరుతి ఋతుపవనాలు విఫలమైనపుడు ఈ ప్రాంతం తీవ్రంగా దెబ్బతిన్నది. నీటికోసం బోరు మీద బోరు వేయడం, ఒక్కొక్కదానికి అప్పు చేయడం, నీరు పడకపోతే అప్పు మాత్రం మిగలడం ఇక్కడి రైతు కుటుంబాల అనుభవం. పంట పోయిన ఏడాది పాడి ఆదుకొనేది. చిత్తూరు సహకార డెయిరీ కూడా 2002లోనే మూతపడింది.

కుప్పం నుండి బెంగుళూరుకు రైలు సౌకర్యం ఉన్నందున కూలిపనులకు రోజూ వెళ్ళి వచ్చేవారు కొందరు, నెలల తరబడి అక్కడి కట్టడాల వద్దనే ఉండిపోయేవారు మరికొందరు. ఇటువంటివారికి ఓటు ఉచితంగా రాదు. దారిఖర్చులు పెట్టుకోవాలి, ఒకటి రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం (1951) లోని 135-బి సెక్షను ప్రకారం పోలింగు రోజున ఉద్యోగికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. దినకూలీకి కూడా ఇది వర్తిస్తుంది. మేస్త్రీ కింద పనిచేసే కూలీ ఈ హక్కును అడిగి సాధించుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

అయినా ఈ ప్రాంతంలో పోలింగు ఎక్కువ. కుప్పంలో 2019, 2024 ఎన్నికలలో 80 శాతాన్ని దాటింది. దీనికి చైతన్యమే కారణమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. పల్లెలో ఎవరు ఓటు వేశారో, ఎవరు వేయలేదో అందరికీ తెలుస్తుంది. రేషన్ కార్డు, పింఛను, ఇంటి మంజూరు వంటివి ఊరి రాజకీయంతో ముడిపడి ఉంటాయి కాబట్టి జాబితాలో పేరు నిలుపుకోవడం, పోలింగునాడు కనబడడం పేదవానికి అవసరం. పార్టీల వారు వలస వెళ్ళిన వారికోసం బస్సులు పెట్టడం, డబ్బు పంచడం కూడా ఉన్నవే. వీటన్నిటితోపాటు ప్రభుత్వం మారితే తన బతుకులో ఏదో ఒకటి మారుతుందన్న లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్క ఎప్పుడూ తప్పు కాలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదటి విడత జిల్లాలలో చిత్తూరు కూడా ఉన్నది.

పాశ్చాత్య దేశాలలో సంపన్నులు, విద్యావంతులు ఎక్కువగా ఓటు వేయడం, పేదలు వెనుకబడడం సాధారణం. భారతదేశంలో 1990ల నుండి ఇందుకు భిన్నంగా పేదలు, దళితులు, గ్రామీణులు ఎక్కువగా ముందుకు వస్తున్నారని రాజనీతి పరిశోధకుడు యోగేంద్ర యాదవ్ వివరించాడు. పడమటి మండలాలు ఇందుకు చక్కని ఉదాహరణ.

తిరుపతి పట్టణం

కుప్పానికి విరుద్ధమైన చిత్రం తిరుపతిలో కనబడుతుంది. శాసనసభ్యుడు ఎం.వెంకటరమణ మరణం వలన 2015 ఫిబ్రవరిలో ఇక్కడ జరిగిన ఉప ఎన్నికలో సుమారు సగం మంది మాత్రమే ఓటు వేశారు. ఆయన భార్య ఎం.సుగుణ పోటీ చేయగా ప్రధాన ప్రతిపక్షమైన వై.కా.పా. అభ్యర్థిని నిలపలేదు. ఆమె లక్షా 16 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచింది. ముందే తేలిపోయిన పోటీకి ఎవరు వెళతారు అనవచ్చును. కాని 2019 సాధారణ ఎన్నికలలో ఇదే స్థానంలో భూమన కరుణాకరరెడ్డికి 80,544, సుగుణకు 79,836 ఓట్లు వచ్చినవి. తేడా 708 మాత్రమే. ఆ రోజున ఓటర్లలో దాదాపు మూడవ వంతు ఓటు వేయలేదు. ఒక వీధిలో ఇంట్లో కూర్చున్నవారు ఆ 708 కంటే ఎక్కువే ఉండవచ్చును.

ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు మరణంతో 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. 2019లో 80 శాతానికి చేరువగా ఉన్న పోలింగు ఈసారి సుమారు 64 శాతానికి పడిపోయింది. తిరుపతి శాసనసభ సెగ్మెంటులో అంతకంటే తక్కువ. అది కోవిడ్ రెండవ ఉధృతి మొదలైన సమయం. బయటి ప్రాంతాల వారిని తెచ్చి దొంగ ఓట్లు వేయించారని ప్రతిపక్షాలు ఆరోపించినవి. ఓటరు గుర్తింపు కార్డులను అక్రమంగా డౌన్‌లోడ్ చేసిన వ్యవహారంపై 2024లో ఎన్నికల సంఘం ఆదేశాలతో చర్యలు కూడా జరిగినవి. వాడని ఓటు అలాగే పడి ఉండదని, మరొకరి చేతికి పోగలదని ఈ వివాదం హెచ్చరిస్తున్నది.

పట్టణవాసి ఎందుకు రాడు? తిరుపతి జనాభాలో చదువులకోసం, ఉద్యోగాలకోసం వచ్చి అద్దె ఇళ్ళలో ఉండేవారు అధికం. వీరిలో చాలామందికి సొంత ఊరిలోనే ఓటు ఉంటుంది, లేదా రెండుచోట్లా ఉంటుంది. దుకాణం, హోటలు, జీపు, ఆటో మీద బతికేవారికి యాత్రికుల రాక ఏ రోజూ ఆగదు కనుక పోలింగు రోజు కూడా బేరం రోజే. మధ్యతరగతి ఉద్యోగికి ప్రభుత్వంతో అవసరం తక్కువ. నీరు రాకపోతే ట్యాంకరు కొనుక్కుంటాడు, ఊరి రాజకీయంతో పనిలేదనుకుంటాడు.

దీనికి తోడు పాలనావ్యవస్థ చేసిన తప్పిదం ఒకటున్నది. తిరుపతి పురపాలక సంఘం 2007 మార్చిలో నగరపాలక సంస్థగా మారినది. దానికి తొలి ఎన్నికలు 2021 మార్చిలో జరిగినవి. పధ్నాలుగేళ్ళపాటు నగరానికి ఎన్నికైన పాలకవర్గం లేదు. 2007లో నాలుగేళ్ళ వయసున్న బాలుడు ఓటరయ్యే వరకు తన వీధికి కార్పొరేటరును చూడలేదు. వీధి కుళాయికి, ఓటుకు మధ్య ఉండవలసిన సంబంధమే తెగినపుడు నిరాసక్తతను ఓటరు మీదనే మోపడం న్యాయం కాదు.

శాతాల లెక్క

పోలింగు శాతాన్ని జాబితాలోని మొత్తం పేర్లతో లెక్కిస్తారు. జాబితాలో 100 పేర్లుండి, వారిలో 15 మంది మరణించినవారు లేదా ఊరు విడిచినవారు అనుకొనండి. మిగిలిన 85 మందిలో 60 మంది ఓటు వేస్తే ప్రకటించే శాతం 60, అసలు హాజరు 70 శాతానికి పైన. జనం తరచుగా ఇళ్ళు మారే పట్టణాలలో ఈ తేడా ఎక్కువ. కనుక తిరుపతి, కుప్పం అంకెల మధ్య కనిపించే అంతరంలో కొంత భాగం జాబితాలదే. 2004 ఎన్నికలకు ముందు జాబితాల సవరణ వలన జరిగిన ఆలస్యాన్ని కేవలం సాంకేతిక కారణమని కొట్టివేయరాదు.

నిరాసక్తత, నిరసన

ఓటు వేయని వారందరూ ఆసక్తి లేనివారు కారు. రోడ్డు వేయలేదని, తాగునీరు ఇవ్వలేదని ఊరంతా పోలింగును బహిష్కరించడం ఆంధ్రదేశంలో అప్పుడప్పుడు జరిగేదే. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలోని 49-ఓ కింద ఓటు వేయడానికి నిరాకరిస్తున్నానని రిజిస్టరులో నమోదు చేయించుకొనే వీలుండేది కాని, అందులో రహస్యం ఉండేది కాదు. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఓటింగు యంత్రంపై 'నోటా' మీట వచ్చింది.

ఇతర దేశాలలో ఆర్థిక సంక్షోభం రెండు రకాలుగానూ పనిచేసింది. అర్జెంటీనాలో ఓటు వేయడం చట్టప్రకారం తప్పనిసరి. 2001 అక్టోబరు ఎన్నికలలో అక్కడివారు కోపంతో ఖాళీ ఓట్లు, చెల్లని ఓట్లు పెద్దసంఖ్యలో వేశారు. రెండు నెలలకు ప్రభుత్వం కూలిపోయింది. అప్పుల ఊబిలో ఉన్న గ్రీసులో ఏ పార్టీని గెలిపించినా షరతులు మారవన్న నిస్పృహ ఏర్పడి 2015 సెప్టెంబరులో పోలింగు సుమారు 57 శాతానికి తగ్గింది. కష్టానికి తోడు ప్రత్యామ్నాయం లేదన్న భావన కలిగినపుడే జనం వెనుకకు తగ్గుతారని ఈ ఉదాహరణలను బట్టి అనుకోవచ్చు. 2004లో పడమటి మండలాల రైతుకు ప్రత్యామ్నాయం కనబడింది.

వలస ఓటరు

ప్రజాప్రాతినిధ్య చట్టం (1950) 20వ సెక్షను ప్రకారం తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన ఒక వ్యక్తి అక్కడి సాధారణ నివాసిగా ఉండే అర్హత పోదు. కావున బెంగుళూరుకు పనికి పోయిన కుప్పం కూలీ పేరు ఊరి జాబితాలో ఉండవచ్చును. కాని ఉన్నచోటినుండి ఓటు వేసే వీలు అతనికి లేదు. సైనికులకు, ఎన్నికల విధులలో ఉన్న ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉన్నది. వలసకూలీకి లేదు. ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు దూరప్రాంతం నుండి వేయగల నమూనాను తయారుచేసినట్లు ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించి, 2023 జనవరిలో పార్టీలను ప్రదర్శనకు పిలిచింది. పలు ప్రతిపక్షాలు అభ్యంతరం తెలిపినవి. 2024 ఎన్నికలలో దానిని వాడలేదు. ఆ ఏడాది మే 13న కూడా వలసకూలీలు బస్సులలో, రైళ్ళలో సొంత ఊళ్ళకు వెళ్ళియే ఓటు వేశారు.