రంగూన్ నాయనమ్మ పేరేంటి?

దాళ్వా నాట్లు అయిపోయాయి, కొబ్బరి దింపుకి ఇంకా వారం పైనే ఉంది. కాస్త తీరిక చిక్కింది కాబట్టి కొన్ని నెలలుగా బుర్రలో తిరుగుతున్న సంగతి రాస్తున్నాను. పొడుగు పోస్టే. అంత ఓపిక లేనివాళ్లు చివర్లో చెప్పిన పని ఒక్కటి చేయండి, చాలు.

రీసర్వే గొడవ మీ అందరికీ తెలిసిందే కదండీ. మా కొబ్బరితోట ఒకటి పాత రికార్డులో ఇద్దరి పేర్ల మీద ఉంది. ఒకరు మా తాతగారు, రెండోవారు ఆయన అన్నగారు, అంటే మా పెదతాత. పెళ్లయిన కొన్నాళ్లకే ఆయన కోతలు అవగొట్టుకుని కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్లిపోయాడు. రెండు ఉత్తరాలొచ్చాయంట. తర్వాత మనిషీ లేడు, మాటా లేదు. ఇప్పుడు ఆఫీసులో అడుగుతారు: ఈ రెండో పేరు ఎవరిది? మీకేమవుతాడు? వారసులున్నారా? వంశవృక్షం ఆధారాలతో పట్రండి.

ఆధారాలెక్కడివండీ? ఉన్న కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో ఉండేవి. 1996 నవంబరు 6 తుఫానుకి పైకప్పు లేచిపోయింది. కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో మీకు చెప్పక్కర్లేదు. పెట్టె నీళ్లలో రెండ్రోజులు నానింది. తీసి చూస్తే కాగితం కాదు, గుజ్జు.

అప్పుడు టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడు, "1931 జనాభా లెక్కల్లో ఇంటింటికీ వచ్చి అందరి పేర్లూ రాశారు కదండీ, అది తీయించండి, మీ పెదతాత కూడా ఉంటాడు" అని. మాట బావుందనిపించింది. ఆ దారి పట్టుకుని నాకు తెలిసినవన్నీ మీ ముందు పెడుతున్నాను.

మన దేశమంతా ఒకేసారి జనాన్ని లెక్కపెట్టడం మొదలైంది 1881 ఫిబ్రవరి 17న. మద్రాసు రాజధానిలో దానికి పదేళ్ల ముందే, 1871లో, ఒకసారి లెక్క తీశారు. 1881లో దేశం మొత్తమ్మీద తేలింది సుమారు 25 కోట్ల మంది. అక్కణ్ణుంచి పదేళ్లకోసారి. 1931 దాకా పద్ధతి ఒకటే. ముందే ఇంటింటికీ నంబరు వేసి, పేర్లు రాసుకుని, ఒక రాత్రి ఖాయం చేసి ఆ రాత్రి మళ్లీ తిరిగి సరిచూసేవారు. పెద్ద తీర్థాలూ సంతలూ లేని రోజు, వెన్నెల ఉండే రాత్రి చూసుకునేవారు. 1931లో ఆ రాత్రి ఫిబ్రవరి 26. ఊళ్లలో ఈ పని చేసింది ఎక్కువగా కరణాలూ బడిపంతుళ్లూ. పేరు, వయసు, కులం, మతం, పెళ్లయిందా, ఏం పని చేస్తారు, ఏ భాష, ఎక్కడ పుట్టారు, చదువొచ్చా అన్నీ రాశారు.

మరి ఆ కాగితాలేవండీ? లేవు. ఒక్కో మనిషి వివరాన్ని చిన్న చీటీ మీదకు ఎక్కించి, ఆ చీటీలను పేకముక్కల్లా వేరుచేసి లెక్క కట్టారు. లెక్క తేలాక చీటీలూ పోయాయి, ఇంటింటి కాగితాలూ పోయాయి. మిగిలింది అచ్చయిన పుస్తకాలు. మద్రాసు రాజధాని 1931 పుస్తకం యీట్స్ అనే ఆఫీసరు తయారుచేశాడు. జిల్లాలో ఎంతమంది, ఏ కులం ఎంత, ఏ పనివాళ్లెంత, అన్నీ ఉంటాయి. మనుషుల పేర్లుండవు. రంగూన్‌ది కూడా అంతే. 1931లో బర్మా మన దేశంలో భాగమే కాబట్టి అక్కడి తెలుగువాళ్లనూ లెక్కపెట్టారు. అంకె దొరుకుతుంది, మా పెదతాత దొరకడు. 1941 బర్మా లెక్కల కాగితాలైతే జపాన్ యుద్ధంలో చాలామటుకు పోయాయి.

స్వతంత్రం వచ్చాకయినా మారిందా అంటే, 1948లో జనగణన చట్టం చేశారు. అందులో 15వ సెక్షను చూడండి. ఎన్యూమరేటరు రాసుకున్న పుస్తకాన్ని గానీ కాగితాన్ని గానీ చూసే హక్కు ఎవరికీ లేదు. సివిల్ దావాలో దాన్ని సాక్ష్యంగా పెట్టడానికీ లేదు. అంటే నాకు ఆ కాగితం దొరికినా మా తోట సంగతిలో పనికిరాదన్నమాట. ఇన్నేళ్ల తర్వాత తెరుస్తామన్న గడువు కూడా చట్టంలో లేదు.

మిగతా దేశాల్లో గడువుంది. అమెరికాలో 72 ఏళ్లు. 1950 నాటి ఇంటింటి కాగితాలను 2022 ఏప్రిల్ 1న అందరికీ తెరిచారు. ఇంగ్లండులో 100 ఏళ్లు, 1921వి 2022 జనవరిలో బయటకొచ్చాయి. కెనడాలో 92 ఏళ్లు, వాళ్ల 1931వి 2023 జూన్‌లో ఇచ్చారు. అదే 1931 అండీ. అక్కడ ఒక రైతు మనవడు ఫోన్లో తాత పేరు కొట్టి, ఆయన పొలంలో పనిచేసిన పాలేరు పేరు కూడా చూసుకుంటున్నాడు.

వాళ్లకూ పోయినవున్నాయి లెండి. ఇంగ్లండు 1931 కాగితాలు 1942లో గోదాములో కాలిపోయాయి. ఐర్లండు 1881, 1891 కాగితాలను మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుజ్జు చేసేశారు. తుఫానుకి నానిన మా ట్రంకు పెట్టెలాగే.

ఇంతకీ ప్రభుత్వం దాచడంలో న్యాయం లేదా? ఉందండి, అది కూడా ఆలోచించాలి. లెక్కలకు వచ్చినాయన పోలీసుకో పన్నులవాళ్లకో చెబుతాడని అనుమానముంటే ఎవరు నిజం చెబుతారు? రెండో పెళ్లి, దత్తత, అసలు వయసు, ఇవన్నీ ఇంటి గుట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్లు జపాన్ మూలాలున్న తమ సొంత జనాన్ని శిబిరాల్లో పెట్టడానికి జనగణన లెక్కల్నే వాడుకున్నారు. మన దేశంలోనే అస్సాం చూడండి. 1951లో జనాభా చీటీల్లోంచి పేర్లు తీసి పౌరుల రిజిస్టరు రాశారు. 2015లో దాన్ని పాత ఓటరు జాబితాలతో కలిపి జనం ముందు పెట్టి, అందులో మీ తాత పేరు చూపించండి అన్నారు. 2019 ఆగస్టు 31న చివరి జాబితా వస్తే 19 లక్షల పైచిలుకు మంది అందులో లేరు. మనకు తోట తగువు, వాళ్లకు దేశం తగువు. కాబట్టి బతికున్నవాళ్ల కాగితం దాచాల్సిందే. పోయి నూరేళ్లయినవాళ్లది ఎందుకు దాచాలన్నదే నా ప్రశ్న.

సరే, జనాభా లెక్క దారి మూసుకుపోయింది. మరి పెద్దల పేర్లు ఎక్కడ దొరుకుతాయి? నేను తిరిగిన దారులు చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తాయి.

ముందు ఊరి చిరునామా సరిచేసుకోండి. మనది కోనసీమ జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. 1925 నుంచీ తూర్పు గోదావరి. దానికి ముందు గోదావరి జిల్లా. 1859కి ముందు రాజమండ్రి జిల్లా. సఖినేటిపల్లి మండలం 1985లో వచ్చిందే, అంతకు ముందు రాజోలు తాలూకా. ఇంకా పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మన లంకను నగరం తాలూకా అని రాసేవారు. గన్నవరం అక్విడెక్టు మీదుగా 1850ల్లో కాటన్ దొర నీళ్లు తెచ్చింది ఈ నగరం లంకకే. ఈ పేర్లు తెలియకపోతే ఎదురుగా కాగితమున్నా మనది కాదనుకుని వదిలేస్తాం.

భూమి ఉన్నవాళ్లకు సెటిల్‌మెంటు నాటి ఆర్.ఎస్.ఆర్. ఉంది, మనవాళ్లు డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు పక్కన రైతు పేరుంటుంది. ఇనాం భూమి అయితే ఇంకా నయం. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఇనాం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవించేవాడు వాళ్లకేమవుతాడు అని ఆ రిజిస్టర్లలో రాశారు. 1984లో కరణాలూ మునసబులూ పోయాక ఊరి లెక్కలన్నీ తాలూకా ఆఫీసుకీ, తర్వాత మండలాఫీసుకీ చేరాయి. నకలు కావాలంటే దరఖాస్తు పెట్టండి, పలకకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. గట్టిగా అరిస్తే రాదు, రాసి ఇస్తే వస్తుంది.

రెండోది రిజిస్ట్రేషన్ దస్తావేజు. ఇది బంగారమండి. అమ్మకమో తనఖాయో రాసేటప్పుడు ఫలానావారి కొడుకు, ఫలానా వృత్తి, ఫలానా ఊరి కాపురస్తుడు అని నిండుగా రాసేవారు. సాక్షుల పేర్లు సరేసరి. ఈసీ కంప్యూటర్లో దొరకని పాతకాలానివి పాత ఇండెక్సు పుస్తకాల్లో చేత్తో వెతికించాలి. నాకు పని జరిగింది ఇక్కడే. తాతగారూ పెదతాతా కలిసి చేసిన తనఖా ఒకటి దొరికింది. ఇద్దరికీ తండ్రి ఒకడే అని అందులో అక్షరాలా ఉంది. పెద్దగా చదువులేని మనిషి కదా, పెదతాత వేలిముద్ర వేశాడు. ఆయన గుర్తు నేను చూసింది జీవితంలో అదొక్కటే. కాసేపు మాట రాలేదండి.

మూడోది జనన మరణాల రిజిస్టరు. మద్రాసు రాజధానిలో 1899లోనే దీనికి చట్టముంది. నాలుగోది బడి అడ్మిషన్ రిజిస్టరు. అయిదోది ఓటరు జాబితా. మొదటి ఎన్నికలు 1951-52లో. ఓటరు జాబితా అందరూ చూడ్డానికే అచ్చేసింది కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

దేశం దాటినవాళ్ల కథ వేరు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా దక్షిణాఫ్రికా నేటాల్‌కి వెళ్లిన కూలీలు 1,52,184 మంది, అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. ఓడెక్కేటప్పుడు పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద మచ్చతో సహా రాసుకున్నారు. ఆ జాబితాలు ఇవాళ అందరికీ దొరుకుతున్నాయి. డర్బన్‌లో తెలుగు రాని తెలుగు మనవలు వాటిని పట్టుకుని ఊళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఫిజీ, మారిషస్ కాగితాలు కూడా ఉన్నాయి. ఒప్పందం మీద వెళ్లిన కూలీకి ముద్ర వేసి నంబరిచ్చారు, అందుకే మిగిలాడు. బర్మాకు మాత్రం ఎక్కువమంది అలాంటి ఒప్పందం, నంబరు లేకుండానే వెళ్లారు. అందుకే మా పెదతాతకు అలాంటి కాగితం లేదు.

ఇక అసలు మాట. వంశవృక్షం ఫారంలో పెదతాత పేరు పక్కన ఒక గడి ఉంది, భార్య పేరు అని. ఆవిడ బతికినన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంది. మొగుడు వస్తాడని చూసి చూసి పోయింది. మా నాన్నగారి తరం అందరూ ఆవిణ్ణి పెద్దమ్మ అన్నారు, మేం రంగూన్ నాయనమ్మ అని చెప్పుకునేవాళ్లం. అసలు పేరేంటండీ అంటే ఇంట్లో ఒక్కరికీ తెలీదు. దస్తావేజులో లేదు, ఆవిడ పేర సెంటు భూమి లేదు కాబట్టి. ఓటరు జాబితాలో లేదు, మొదటి ఎన్నికలకు ముందే పోయింది కాబట్టి. బడికి వెళ్లలేదు కాబట్టి అక్కడా లేదు.

అప్పుడు నాకు అర్థమైందండి. అంతర్వేది గుడి చూస్తే కట్టించిన కోపనాతి కృష్ణమ్మ గారిని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు మనకెవరికీ తెలీవు. భూమి కాగితం భూమి ఉన్నవాడినే రాస్తుంది. పాలేరుని రాయదు, కలుపు తీసే ఆడమనిషిని రాయదు, పురిట్లో పోయిన పిల్లను రాయదు. పాకలో ఉన్నా మేడలో ఉన్నా గుమ్మం దగ్గర నిలబడి ఇంట్లో ఎంతమంది అని అడిగి అందరినీ వరసగా రాసింది ఒక్క జనాభా లెక్కే. రంగూన్ నాయనమ్మను కూడా 1931లో మన ఊరి కరణం గారో పంతులుగారో రాసే ఉంటారు. ఆ ఒక్క కాగితాన్నే మనం ఉంచుకోలేదు.

ఫారంలో ఆ గడి ఖాళీగానే ఇచ్చాను. తోట సంగతి తేలుతుంది లెండి. ఆ ఖాళీ మాత్రం తేలదు.

అందుకే ఒక్క పని చేయండి. 2027 జనగణన వస్తోంది. జనం లెక్కకు తీసుకునే సమయం 2027 మార్చి 1. ఈసారి ఫోన్లోనే ఎక్కిస్తారు, మనంతట మనమే ఆన్‌లైన్లో నింపుకోవచ్చు కూడా. స్వతంత్రం వచ్చాక జనగణనలో అన్ని కులాలనూ రాసేది ఇప్పుడే. మీరేం చెప్పినా ఆ వివరం మీ మనవడు అడిగితే ఇవ్వరు, చట్టం అలాగే ఉంది. కాబట్టి ఆ రోజు వాళ్లకు చెప్పిన జవాబులే ఒక నోట్‌బుక్కులో మీరూ రాసుకోండి. ఇంట్లో ప్రతి మనిషి పూర్తి పేరు, పుట్టిన ఏడు, పుట్టిన ఊరు. కోడళ్ల పుట్టింటి ఇంటిపేరుతో సహా. అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ల అమ్మ, ఎంతవరకు తెలిస్తే అంతవరకు. మీ చేలో పనికొచ్చే కుటుంబానికి రాయడం రాకపోతే వాళ్లకూ ఒక పుస్తకం రాసివ్వండి. ఫొటో తీసి పిల్లల ఫోన్లలో పెట్టండి. పుస్తకాన్ని మాత్రం ట్రంకు పెట్టెలో అడుగున పెట్టకండి, అటక మీద పెట్టండి. తుఫాను మనకు కొత్త కాదు కదా.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రాత్రే అడగండి, "మీ అమ్మ పేరేంటి?" అని. ఆలస్యం చేయకండి. మేం చేశాం.

ఉంటానండి.