గత్తర నుంచి షుగర్ దాకా: కోహీర్ సీమలో జనాభా, జబ్బుల మార్పు

ఒక ప్రాంతంలో ఎవరు ఏ వయసులో, దేనివల్ల చనిపోతున్నారో చూస్తే ఆ ప్రాంతపు తిండి, నీళ్లు, బడి, దవాఖానా అన్నీ తెలిసిపోతాయి. తెలంగాణలోని కోహీర్, జహీరాబాద్ ఎర్రనేలల మీద వందేళ్ల కిందట చావు ముందుగా పసిబిడ్డలను, బాలింతలను వెతుక్కుంటూ వచ్చేది. గత్తర, మశూచి, చలిజ్వరం, కరువు దానికి దారులు. ఇప్పుడు అదే ఊళ్లలో పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం ఉంది. భయమంతా ఇంటి పెద్దల గుండెపోటు, పక్షవాతం, షుగర్, కిడ్నీల గురించే. ఈ రెండు కాలాల మధ్య జనాభా ఆకారమే మారిపోయింది.

ఈ మార్పును శాస్త్రంగా చెప్పే ప్రయత్నం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. 1929లో వారెన్ థాంప్సన్ అనే అమెరికన్ జనాభా శాస్త్రవేత్త జననాల, మరణాల రేట్లను బట్టి దేశాలను వర్గాలుగా విడదీశాడు. 1945లో ఫ్రాంక్ నోట్‌స్టీన్ దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. ముందు మరణాలు తగ్గుతాయి, జననాలు మాత్రం పాత ఊపులోనే సాగుతాయి, అప్పుడు జనాభా ఉప్పొంగుతుంది. కొంతకాలానికి జననాలూ తగ్గుతాయి. పిల్లల వాటా కుంచించుకుపోయి వృద్ధుల వాటా పెరుగుతుంది. 1971లో అబ్దెల్ ఒమ్రాన్ ఈ కథకు జబ్బుల చరిత్రను జోడించాడు. అతని లెక్కలో మొదటిది మహమ్మారులూ కరువులూ ఏలిన యుగం, రెండోది మహమ్మారులు వెనక్కి తగ్గిన యుగం, మూడోది శరీరం అరిగిపోవడం వల్లా మనిషి చేతుల వల్లా వచ్చే జబ్బుల యుగం. ఇంగ్లండు, స్వీడన్ ఈ మెట్లను నెమ్మదిగా ఎక్కాయి. జపాన్ వేగంగా ఎక్కింది. చిలీ, సిలోన్ వంటి దేశాలు ఆలస్యంగా మొదలుపెట్టాయని ఒమ్రానే రాశాడు. తెలంగాణ పల్లెల అనుభవం ఈ మూడు దారుల్లో దేనికీ పూర్తిగా ఒదగదు.

కోహీర్ పాత లెక్కలు మెదక్ జిల్లా పట్టికల్లో దొరకవు. 1956 దాకా కోహీర్ ఉన్న జహీరాబాద్ తాలూకా హైదరాబాద్ రాజ్యంలోని బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో అది మెదక్‌లో కలిసింది, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. రాజ్యం మొత్తం లెక్క చూస్తే మొదటి యుగం స్పష్టంగా కనిపిస్తుంది. 1881 జనగణనలో సుమారు 98 లక్షలున్న జనం 1891కి 1 కోటి 15 లక్షలయ్యారు. 1901కి పెరగకపోగా 1 కోటి 11 లక్షలకు దిగారు, మధ్యలో 1899-1900 కరువు వచ్చింది. 1911కి 1 కోటి 34 లక్షలకు చేరిన జనాభా 1921కి మళ్లీ 1 కోటి 25 లక్షలకు పడిపోయింది. ఆ పదేళ్లలో ప్లేగు తిరిగింది, 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను పడుకోబెట్టింది, వెంటనే కరువు. దేశం మొత్తం మీద సగటు ఆయుర్దాయం అప్పట్లో ఇరవై ఏళ్ల దగ్గర తచ్చాడింది. అంటే అందరూ ఇరవయ్యో ఏట చనిపోయారని కాదు. పుట్టినవాళ్లలో చాలామంది అయిదేళ్లలోపే రాలిపోవడంతో సగటు అలా కుదించుకుపోయింది. ఆ వయసు దాటి నిలదొక్కుకున్నవాళ్లలో అరవై చూసినవాళ్లూ ఉండేవారు.

వైద్యశాస్త్రం ఈ నేలను చాలా ముందే తాకింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1915లో ఎర్రన్నగుట్ట మీద మొదలైన అంటువ్యాధుల ఆస్పత్రి తర్వాత నల్లకుంటకు మారి జనం నోట కోరంటి దవాఖానా అయింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి మంచినీళ్లు ఇచ్చాయి. ఇవన్నీ రాజధాని సౌకర్యాలు. వంద కిలోమీటర్ల దూరంలోని పల్లెకు దిగుడు బావి, పోచమ్మ గుడి, నాటువైద్యుడే దిక్కు. క్షయ వచ్చినవాళ్ల కోసం వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద ఆస్పత్రి వెలిసినా, ఆ రోజుల్లో క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి తప్ప అక్కడా ఇచ్చేదేమీ లేకపోయింది.

మహమ్మారులు నిజంగా వెనక్కి తగ్గింది స్వాతంత్ర్యం తర్వాతే. 1953లో జాతీయ మలేరియా కార్యక్రమం మొదలై డీడీటీ ఇంటింటి గోడలకెక్కింది. దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్లుగా అంచనా వేసిన కేసులు 1960ల తొలి ఏళ్లకు లక్ష లోపుకు పడిపోయాయి. 1976కి మళ్లీ 64 లక్షలు దాటి, గెలుపు ఎంత తాత్కాలికమో చూపించాయి. దేశంలో మశూచి చివరి కేసు 1975లో. దిగుడు బావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకునే అలవాటుతో వ్యాపించే నారికురుపు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాలను పీడించింది. బోరుపంపులు వచ్చి, బావుల మెట్లు మూసేశాక 1996లో దేశం చివరి రోగిని చూసింది. ఈ జబ్బుకు టీకా లేదు, మందు లేదు. నీళ్లు తెచ్చుకునే పద్ధతి మారడమే దాన్ని చంపింది. ఆరోగ్య చరిత్రలో ఇంతకన్నా విలువైన పాఠాలు తక్కువ. 1985 నుంచి సార్వత్రిక టీకాలు, విరేచనాలకు ఉప్పు-చక్కెర ద్రావణం పసిపిల్లల మరణాలను కోసేశాయి.

ఈ సీమకు ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరొకటి తినలేని కూలీలకు ఎండ తగిలేచోట, అంటే మెడ మీద, ముంజేతుల మీద చర్మం కాలినట్టు నల్లబడి పొలుసులు లేచేది. తర్వాత విరేచనాలు, ముదిరితే మతిభ్రమ. అది పెలాగ్రా. ప్రపంచమంతా దాన్ని మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగా ఎరిగింది. కూనూర్ నుంచి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో జొన్నకూ దానికీ సంబంధం ఉందని ప్రకటించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడంతో శరీరం నియాసిన్ అనే విటమిన్‌ను తయారుచేసుకోలేకపోతుందన్నది వాళ్ల వివరణ. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, జొన్న వెనక్కి పోయింది, పెలాగ్రా దాదాపు కనుమరుగైంది. అదే 1983లో జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలుపెట్టి, దళిత మహిళల సంఘాలతో జొన్న, కొర్ర, సామ తిరిగి సాగు చేయించింది. ఇప్పుడు డాక్టర్లు షుగర్ రోగికి అదే జొన్నరొట్టెను సిఫారసు చేస్తున్నారు. తప్పు గింజది కాదు. పప్పు, ఆకుకూర, పాలు, మాంసం పక్కన లేకుండా ఒక్క గింజ మీదే బతకాల్సి రావడం పేదరికం చేసిన పని. బియ్యం మీదే బతకడం కూడా అదే కోవలోకి వస్తుంది.

మరణాలు తగ్గిన తర్వాత జననాలు తగ్గడానికి పాఠ్యపుస్తకాలు చదువు, ఆదాయం, నగర జీవితం కారణాలుగా చెబుతాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ లెక్క తప్పించింది. 1991లో రాష్ట్రంలో స్త్రీల అక్షరాస్యత 33 శాతానికి మించలేదు. అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున ఒక స్త్రీకి 2.6 మంది పిల్లలే, దేశంలో అది 3.4. 2005-06కి 1.8కి దిగింది. తెలంగాణ విడిపోయాక 2019-21లోనూ 1.8 దగ్గరే నిలిచింది. పిల్లలు బతుకుతారన్న నమ్మకం, ముక్కలైపోతున్న భూమి, బడి ఖర్చు, టీవీ, స్వయం సహాయక సంఘాలు అన్నీ కలిసి పనిచేశాయి. సాధనం మాత్రం ఒక్కటే, ఆడవాళ్ల ఆపరేషన్. 2019-21 సర్వేలో తెలంగాణలోని వివాహిత స్త్రీలలో నూటికి 62 మందికి అది జరిగింది. మగవాళ్ల ఆపరేషన్ దానిముందు లెక్కలోకి రాదు. పదిహేడు, పద్దెనిమిది ఏళ్లకు పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లలోపే ఆపరేషన్: కూలిపనికి పోయే ఎందరో ఆడవాళ్ల జీవితం ఈ క్రమంలోనే నడిచింది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల తెలంగాణ స్త్రీలలో నూటికి దాదాపు 8 మందికి గర్భసంచే తీసేశారు. దేశంలో అది 3 శాతం. 2019-21 సర్వేలో కాన్పుల్లో 97 శాతం ఆస్పత్రుల్లో జరిగాయంటే సంతోషించాల్సిందే, కానీ వాటిలో అరవై శాతం కోతలు కావడం ఆ సంతోషానికి అడ్డుపడుతుంది. జనాభా పరివర్తన భారం ఈ నేల మీద ఆడవాళ్ల ఒళ్లే మోసింది. ఆ సంగతి సిద్ధాంతాల గీతల్లో కనిపించదు.

ఇక మూడో యుగం. 2003-04లో గోదావరి జిల్లాల్లో 45 పల్లెల మరణాలను ఇంటింటికీ వెళ్లి విచారించినప్పుడు దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బులవని తేలింది. గుండెపోటు పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అన్న మాట ఆ లెక్కతో చెల్లకుండా పోయింది. దేశం మొత్తం మీద 1990లో 38 శాతంగా ఉన్న అసాంక్రమిక వ్యాధుల మరణాలు 2016కి 62 శాతమయ్యాయి. దీని వెనక పాలిష్ బియ్యం, నూనె, ఉప్పు, బీడీ, మద్యం ఉన్నాయి. నాగలి పోయి ట్రాక్టర్ రావడంతో తగ్గిన ఒంటి శ్రమ ఉంది. అంతకన్నా లోతైన కారణం తల్లి కడుపులోనే మొదలవుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో కొన్నిచోట్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చింది. ఆ పిల్లలు ఎదిగాక పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్లవాళ్ల రక్తనాళాలు, ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగ్గా ఉన్నాయి. కరువులో ఏర్పడిన శరీరం కలిమి తిండిని తట్టుకోలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. నిన్నటి ఆకలే ఈనాటి షుగర్‌గా తేలుతోంది.

కొత్త జబ్బులు వచ్చినా పాతవి ఇల్లు ఖాళీ చేయలేదు. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ, ఒకే ఇంట్లో, ఒకే ఒంట్లో రెండూ కలుస్తున్నాయి. వానాకాలం డెంగీ తెస్తుంది. 2020లో కోవిడ్ వచ్చి ఎక్కువగా బలి తీసుకున్నది షుగర్, బీపీ ఉన్న పెద్దలనే. ఒమ్రాన్ చెప్పిన మనిషి చేతుల జబ్బులకు ఉదాహరణ జిల్లాలోనే ఉంది: పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాలు నక్కవాగును, దాని కింది పొలాలను పాడుచేశాయి. జహీరాబాద్ మీదుగా పోయే 65వ జాతీయ రహదారిపై ప్రమాదాలు ఏ మెట్టుకు చెందుతాయో ఏ సిద్ధాంతకర్తా సరిగా చెప్పలేదు, చనిపోయేది మాత్రం ఎక్కువగా పనిచేసే వయసు మగవాళ్లు.

జనాభా గోపురం కింది భాగం సన్నబడింది. పనిచేసే వయసువాళ్లు ఇప్పుడు ఎక్కువగా ఉన్నారు, కానీ వాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో, సంగారెడ్డి ఫ్యాక్టరీల్లో, గల్ఫ్‌లో ఉన్నారు. ఊళ్లో మిగిలేది తల్లిదండ్రులు. జననాలు మరీ తగ్గాయన్న ఆందోళనతో, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 చట్టపు షరతును ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. జననాలను ముందుగా అదుపు చేసిన రాష్ట్రాలకు లోక్‌సభ స్థానాల పునర్విభజనలో అన్యాయం జరుగుతుందన్న వాదనా బలపడింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను గర్భిణి కోసం, టీకాల కోసం, జ్వరం కోసం కట్టారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు దారి తెరిచింది, గుండె ఆగబోయే చివరి ఘడియలో అది ఆదుకుంటుంది. ఆ ఘడియ రాకుండా ముప్పై ఏళ్లపాటు నెలనెలా బీపీ మాత్ర చేతికందించే ఏర్పాటు ఆలస్యంగా మొదలైంది. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేసే పని ఇప్పుడు ఆశా కార్యకర్తల, ఏఎన్ఎంల మీద పడింది. ఒకప్పుడు ఊళ్లో బాలింతల జాబితా రాసుకున్న చేత్తోనే వాళ్లిప్పుడు షుగర్ రోగుల జాబితా రాసుకుంటున్నారు. రెండు జాబితాల్లోనూ చాలాచోట్ల ఉన్నవి ఒకే పేర్లు.