పుస్తకం మన చేతిలో, తాళంచెవి ఎవరి చేతిలో?

ఈ-బుక్ రీడర్ మంచిదా చెడ్డదా అన్న చర్చ మన దగ్గర చాలావరకు కాగితం వాసన చుట్టూనే తిరుగుతుంది. ఒకరు పేజీ తిప్పడంలోని సుఖం అంటారు, ఇంకొకరు అరచేతిలో వెయ్యి పుస్తకాలు అంటారు. రెండూ నిజమే గానీ, వాటితో తేలేది తక్కువ. చదువుకునే సాధనం ఏదైనా సరే, దాన్ని రెండు ప్రశ్నలతో తూచాలి. పుస్తకం ఎంతమందికి అందుతోంది? అందిన పుస్తకం మీద చదువరికి ఎంత హక్కు మిగులుతోంది? నిజామాబాద్, బోధన్ ప్రాంతపు చదువు చరిత్రను ఈ ప్రశ్నలతో పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కొత్త సాధనం వచ్చిన ప్రతిసారీ పుస్తకం మరికొందరికి అందింది. హక్కు మాత్రం దానంతట అది రాలేదు, జనం పట్టుబట్టి తెచ్చుకున్నారు. ఈ-బుక్ విషయంలో మొదటి పని సగం జరిగింది, రెండోదాని గురించి మనం ఇంకా మాట్లాడుకోవడమే లేదు.

వేములవాడ చాళుక్యుల కాలం నుంచి మొదలుపెడదాం. వాళ్ల ఆస్థాన కవి పంప మహాకవి సమాధి బోధన్‌లో ఉందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆయన తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో కురిక్యాల దగ్గర గుట్ట మీద వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ పద్యాలతో పాటు తెలుగు కందాలు కూడా ఉన్నాయి. వెయ్యేళ్లు దాటినా ఆ అక్షరం చెరగలేదు. కానీ చదవాలంటే గుట్ట దాకా పోవాల్సిందే. తాటాకు ఆ దూరాన్ని తగ్గించింది. అయితే ఒక్కో ప్రతినీ ఒకరు కూర్చుని ఘంటంతో గీయాలి, తాటాకుల కట్ట ఏ ఇంటి అటక మీద ఉంటే చదువు ఆ ఇంటిదే. రాతికి నిలకడ ఉంది, నడక లేదు. తాటాకుకు కొంత నడక వచ్చింది గానీ అది కొన్ని గడపల మధ్యే ఆగింది. ఈ లెక్క ప్రకారం నడక విషయంలో ఈ-బుక్‌ను మించింది లేదు. నిలకడ విషయంలో మాత్రం రాతి ముందు కాదుగదా, తాటాకు ముందు కూడా దానికి ఇంకా పరీక్ష మిగిలే ఉంది.

అచ్చు పుస్తకం తెలంగాణకు వచ్చేసరికి అడ్డంకి రాతిలోనో ఆకులోనో లేదు, రాజ్యంలో ఉంది. నిజాం సంస్థానంలో కచేరీ భాష, పై చదువుల భాష ఉర్దూ. తెలుగు చదవాలంటే ముందు తెలుగు పుస్తకం దొరికే చోటు ఉండాలి. అందుకే 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టడం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలవడం, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక తీసుకురావడం ఒకే ఉద్యమంలో భాగాలు. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న రోజులవి. అలాంటి కాలంలో, 1937లో తెలంగాణ తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాద్‌లోనే జరిగింది. ఆ ఏడాదే బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు చెరకును పెంచాయి, చెరకు ఫ్యాక్టరీని తెచ్చింది, ఫ్యాక్టరీ జీతం మీద బతికే కొత్త జనాన్ని కూడగట్టింది. ఆ మరుసటేడు, 1938లో, వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు వేయడమే కాకుండా ఊరూరా మోసుకెళ్లి అమ్మారు. పుస్తకం దగ్గరికి జనం రాలేకపోతే జనం దగ్గరికే పుస్తకం పోవాలన్నది ఆయన పద్ధతి. ఈ-బుక్ చేస్తానంటున్న పనీ అదే. తేడా అల్లా ఒక్కటే, ఆళ్వారుస్వామి దగ్గర కొన్న పుస్తకాన్ని ఆయన మళ్లీ వచ్చి పట్టుకుపోయే వీలు లేదు.

ఇందూరు, అంటే నిజామాబాద్, కోటలోని జైలు ఈ కథలో ఇంకో మెట్టు. కవి దాశరథి కృష్ణమాచార్యులు, ఆళ్వారుస్వామి అక్కడ కలిసి శిక్ష అనుభవించారు. కాగితం, కలం లేని చోట దాశరథి జైలు గోడ మీద బొగ్గుతో నిజాంను నిలదీస్తూ పద్యం రాసిన సంగతి తెలంగాణలో అందరికీ తెలిసిందే. గోడ సర్కారుది కాబట్టి రాసినదాన్ని తుడిపేయడం సర్కారుకు చిటికెలో పని. పద్యం మాత్రం తోటి ఖైదీల నోట బతికింది. ఆ తర్వాత 1949లో అచ్చయిన తన కవితా సంపుటి అగ్నిధారను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. రాసిన చోటు ఎవరి సొత్తు అన్నదాన్ని బట్టే రాత ఆయుష్షు ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సంస్థానం పోయాక హక్కుల లెక్క మారింది. 1955లో హైదరాబాద్ రాష్ట్రానికి పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, 1960లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఒకే చట్టం చేశారు. దాని కిందే జిల్లా గ్రంథాలయ సంస్థలు, ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు ఏర్పాటయ్యాయి. అంటే పుస్తకం అడగడం ఒకరి దయ మీద ఆధారపడ్డ సంగతి కాకుండా, పన్ను కట్టే మనిషి హక్కు అయింది. దానికి తోడు వారపత్రికల సీరియళ్లు, రోజుకింత అని నవలలు అద్దెకిచ్చే షాపులు తెలుగు పట్టణాలన్నింట్లో చదువును, ముఖ్యంగా ఆడవాళ్ల చదువును, విస్తరించాయి. సీరియల్ పేజీలు చించి బైండు చేయించుకోవచ్చు, పక్కింటికి ఇవ్వచ్చు, పాత పుస్తకాల షాపులో అమ్ముకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. అచ్చు పుస్తకం ఇచ్చిన ఈ హక్కులు మనకెంత అలవాటయ్యాయంటే, అవి పోయినా గమనించలేనంత.

ఈ-పుస్తకం ఈ చరిత్రలోకి ఆలస్యంగా, పక్కదారిన వచ్చింది. 1971లో మైకేల్ హార్ట్ అమెరికాలో ఉచిత ఈ-పుస్తకాల ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 1997లో ఈ-ఇంక్ సంస్థ ఏర్పడింది, 2004లో సోనీ ఆ సంస్థ తెరతో జపాన్‌లో లిబ్రియే రీడర్ తెచ్చింది, 2007లో అమెజాన్ కిండిల్ వచ్చింది. మన దేశంలో అది 2012లో మార్కెట్లోకి దిగింది. ఈ తెర చేసే పని తెలిస్తే దాని సుఖం ఎక్కడుందో తెలుస్తుంది. తెర నిండా వెంట్రుక మందమంత బుడగలు ఉంటాయి, ఒక్కో బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు దిశను బట్టి ఏదో ఒక రంగు పైకి తేలుతుంది, తేలినది అక్కడే నిలుస్తుంది. కరెంటు ఖర్చయ్యేది ప్రధానంగా పేజీ మారినప్పుడే, అందుకే ఒక్క చార్జింగుతో వారాలు గడుస్తాయి. పైన పడ్డ వెలుతురుతోనే అక్షరం కనబడుతుంది గనుక నిజామాబాద్ మే నెల ఎండలో ఫోను తెర వెలవెలబోతుంటే ఈ తెర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చూపు తగ్గినవాళ్లు అక్షరం పెద్దది చేసుకోవచ్చు. ఆర్మూర్, భీంగల్, కమ్మర్‌పల్లి వైపు నుంచి దుబాయి, మస్కట్‌లకు పోయే మనిషికి విమానంలో సామాను బరువు కిలోల లెక్క. ఒక నవల పట్టుకుపోవాలంటే పచ్చళ్ల సీసా ఒకటి తగ్గించుకోవాలి. అలాంటివాళ్లకు బరువు లేని పుస్తకం మామూలు సౌకర్యం కాదు.

ఈ సుఖాలన్నీ తెలుగు చదువరికి పూర్తిగా దక్కలేదన్నదే అసలు చిక్కు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన డీటీపీ చాలాకాలం అను వంటి సొంత సంకేతాల ఫాంట్ల మీదే నడిచింది. అంటే పుస్తకం కంప్యూటర్‌లోనే తయారైనా, ఆ ఫైలు వేరే యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలే. 2016 చివర్లో కిండిల్ హిందీ, మరాఠీ, గుజరాతీ, తమిళం, మలయాళాలను చేర్చుకున్నప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. బోధన్ నుంచి కాస్త దూరం పోతే తగిలే ధర్మాబాద్‌లో మరాఠీ చదువరికి దొరికింది ఇటువైపు తెలుగు చదువరికి దొరకలేదు. ఆ లోటును 2010లో వచ్చిన తెలుగు ఈ-పుస్తకాల సైటు కినిగె లాంటి మన ప్రయత్నాలు కొంత పూడ్చాయి. మరోవైపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ సైటు నిలిచిపోయినా చాలా పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బతికాయి. అయితే స్కాన్ అంటే ఫోటో. ఆరంగుళాల తెర మీద ఆ పేజీ తెరిస్తే అక్షరం ఆవగింజంత అవుతుంది, ఒత్తులు మరకల్లా కలిసిపోతాయి. పెద్దది చేస్తే వరుస తెర దాటిపోయి, ప్రతి వాక్యానికీ కుడికీ ఎడమకూ జరపాల్సి వస్తుంది. అందులో మాట వెతకలేం, చూపు లేనివారికి యంత్రం చదివి వినిపించలేదు. చూపులేనివారి కోసం చేసిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది మనమే. ఆ ఆమోదం ఫలించాలంటే పుస్తకం బొమ్మగా కాదు, అక్షరంగా ఉండాలి.

ఇక హక్కు సంగతి. 2009లో అమెజాన్ ఆర్వెల్ రాసిన 1984 నవలను, అమ్మినవాడికి హక్కు లేదన్న కారణంతో, కొన్నవాళ్ల కిండిల్‌ల నుంచి దూరం నుంచే తీసేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత తప్పు ఒప్పుకుంది. కానీ అది సాధ్యమేనన్న సంగతి బయటపడింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణం మూసేస్తే కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని కేబుల్‌తో ఎక్కించుకునే వీలును కూడా తీసేసింది. బోధన్ ప్రాంతానికి ఈ భయం వేరే చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరులో షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు పొలంలో చెరకు రైతుదే, ఆడించే మిల్లు మాత్రం రైతు చేతిలో లేదు. తాళం వేసిన, అంటే అమ్మిన కంపెనీ అనుమతి లేకుండా తెరుచుకోని, ఈ-పుస్తకం కొన్నవాడి పరిస్థితి కూడా అంతే. ఫైలు మనది, తెరిచే తాళంచెవి వాళ్లది.

దీనికి కాగితం పక్షం వారు చెప్పే జవాబు ఒకటుంది: అందుకే అచ్చు పుస్తకమే మేలు. చదువు విషయంలో వాళ్లకు కొంత ఆధారం కూడా ఉంది. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి పరిశీలనలో, సమాచారం కోసం, అందులోనూ గడువు పెట్టుకుని చదివేటప్పుడు, కాగితం మీదే బాగా అర్థమవుతుందని తేలింది. కానీ కథలు చదివేటప్పుడు ఆ తేడా కనబడలేదు. పోటీ పరీక్షలకు కూర్చునే కుర్రాడికి కాగితం మేలు, నవల చదివే అమ్మకు తెర వల్ల నష్టం లేదు. పైగా, పునర్ముద్రణ లేని పుస్తకం విషయంలో కాగితమా తెరా అన్న ఎంపికే ఉండదు. తెర మీద దొరికితే చదవడం, లేకపోతే లేదు.

ఫోనుండగా రీడర్ ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. మన ఊళ్లలో నిజానికి చదువు ఫోనులోనే నడుస్తోంది, మరో యంత్రం కొనేవాళ్లు కొద్దిమందే. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే వాట్సాప్ మోగే చోట పది పేజీలు ఒక్క బిగిన చదవడం కష్టం, మరో పని చేతకాకపోవడమే రీడర్ గొప్ప గుణం. ఇంతకూ ఫోనైనా రీడరైనా కావలసిన ముడిసరుకు ఒకటే: తాళం లేని, యూనికోడ్‌లో ఉన్న తెలుగు పాఠం. తాళం తీస్తే రచయిత నోట్లో మట్టే కదా అని ప్రచురణకర్తలు అడగవచ్చు. గ్రూపుల్లో తిరిగే దొంగ పీడీఎఫ్‌లు చూస్తే వాళ్ల బాధ న్యాయమే. కానీ ఆ పీడీఎఫ్‌లలో చాలావరకు అచ్చు పుస్తకాల స్కాన్‌లే. తాళాలు వాటిని ఆపలేదు, నిజాయితీగా కొన్నవాణ్నే ఇబ్బంది పెట్టాయి. తప్పుడు ప్రతికంటే మంచి ప్రతి సరసమైన ధరకు దొరికినప్పుడే దొంగ సరుకు తగ్గుతుంది.

ఎవరికీ నష్టం లేని చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైటు ముగుస్తుంది. ఆళ్వారుస్వామి 1961లో కన్నుమూశారు. అంటే ఆయన బతికుండగా అచ్చయిన రచనలు, 1955 నాటి ప్రజల మనిషి నవలతో సహా, 2022 జనవరి నుంచి జనం సొత్తు. దాశరథి 1987లో పోయారు గనుక ఆయన రచనలకు 2047 చివరి దాకా ఆగాలి. ఉర్దూకు 2013లో వచ్చిన రేఖ్తా సైటు ఆ భాష పుస్తకాలను ఒక్కచోట చేర్చింది. ఆ పని తెలుగుకు, అదీ తాళాలు లేకుండా, జరగాలి. గ్రంథాలయ సెస్సు ఇప్పటికీ ఇంటి పన్నుతో పాటే కడుతున్నాం. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏడాదికి ఇన్ని పుస్తకాలని పెట్టుకుని స్కాన్‌లను సరైన అక్షరాలుగా మార్పించి, ఏ యంత్రంలోనైనా తెరుచుకునే ఈపబ్ ఫైళ్లుగా ఉచితంగా ఇవ్వడం గొంతెమ్మ కోరికేమీ కాదు. యంత్రాన్ని కంపెనీలు ఎలాగూ మెరుగు చేస్తూనే ఉంటాయి, అందులో వాళ్లకు లాభం ఉంది. పుస్తకాన్ని తాళం నుంచి బయటికి తేవడంలో లాభం చదువరులది గనుక అడగాల్సిందీ చదువరులే. ఆంధ్ర మహాసభ కాలంలో గ్రంథాలయాల కోసం అడిగినంత గట్టిగా ఇవాళ దీన్ని అడిగితే, ఈ-బుక్ సుఖం తెలుగువాళ్లకు అరువు సుఖంగా కాకుండా సొంతంగా దక్కుతుంది.