సర్వేపల్లి వారి రెండు తరాలు: తిరుత్తణి నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా

తెలుగు రాష్ట్రాల సరిహద్దుల బయట తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలలో చదువే ఆస్తిగా బతికినవి చాలా ఉన్నాయి. భూమి కొద్దిగా ఉన్నా లేకున్నా పిల్లవాణ్ని బడికి పంపి, అక్కడి నుంచి పట్టణానికి, పట్టణం నుంచి మహానగరానికి పంపిన కుటుంబాలవి. అలాంటి వాటిలో అందరికీ తెలిసిన పేరు సర్వేపల్లి వారిది. తండ్రి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్ర ఆచార్యులు, కుమారుడు డాక్టర్ సర్వేపల్లి గోపాల్ చరిత్ర ఆచార్యులు. తండ్రిని మనం ఎక్కువగా రాష్ట్రపతిగా, సెప్టెంబరు 5న జరిగే ఉపాధ్యాయ దినోత్సవం ద్వారా గుర్తు పెట్టుకున్నాం. కుమారుడి గురించి మన ఇళ్లలో తెలిసింది తక్కువ. ఈ వ్యాసంలో ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇంటిపేరు ఒక ఊరిది, పుట్టుక మరో ఊరిది

సర్వేపల్లి అనేది నెల్లూరు జిల్లాలోని ఊరు. ఇంటిపేరు అక్కడిదే. కుటుంబం దక్షిణానికి జరిగి తిరుత్తణి ప్రాంతంలో స్థిరపడింది. రాధాకృష్ణన్ గారి తండ్రి వీరాస్వామి గారు జమీందారీ రెవెన్యూ కొలువులో చిన్న ఉద్యోగి, తల్లి సీతమ్మ గారు. ప్రభుత్వ పత్రాల ప్రకారం రాధాకృష్ణన్ గారు పుట్టింది 1888 సెప్టెంబరు 5న. అసలు తేదీ 1887 సెప్టెంబరు 20 అని ఆయన నమ్మేవారని కుమారుడు గోపాల్ తరువాత తండ్రి జీవితచరిత్రలో రాశారు. బడిలో వేసిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పుకునే తేదీ మరొకటి కావడం మన తాతల కాలపు కుటుంబాలకు కొత్త సంగతి కాదు.

తిరుత్తణి కథ కూడా మన పాఠకులు గుర్తుంచుకోదగ్గది. రాధాకృష్ణన్ గారు పుట్టినప్పుడు అది మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. పటాస్కర్ సూత్రం ప్రకారం సరిహద్దులు మార్చడంతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అప్పటికి రాధాకృష్ణన్ గారు దేశానికి ఉపరాష్ట్రపతి. ఇప్పుడు ఆ ఊరు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. ఇల్లు కదలకుండా ఉండగానే రాష్ట్రం మారిపోయిన కుటుంబాలు మనలో ఎన్నో. ‘ఆయన మావాడు’ అని రెండు వైపులా వాదించుకునేవారు ఈ వరుస ఒకసారి చూసుకుంటే మంచిది.

తండ్రి: విద్యార్థి వేతనంతో మొదలైన చదువు

తిరుత్తణిలో అక్షరాలు దిద్దిన తరువాత తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాల, వేలూరులోని వూర్హీస్ కళాశాల, చివరికి మద్రాసు క్రైస్తవ కళాశాల. ఈ దారి చాలావరకు విద్యార్థి వేతనాల మీదే నడిచింది. తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం పెద్ద ఆలోచనేమీ కాదు. అదే కళాశాలలో చదువు ముగించిన ఒక బంధువు తన పాఠ్యపుస్తకాలు ఇచ్చాడు. పుస్తకాలు కొనే పని తప్పింది కాబట్టి ఆ శాఖలో చేరారు. ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి గురించి రాసిన సిద్ధాంత వ్యాసం 1908లో అచ్చయింది. ఆచార్యుడు ఎ.జి. హాగ్ దాన్ని మెచ్చుకున్నారు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం వచ్చింది. అనంతపురం, రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలల్లోనూ కొంతకాలం పాఠాలు చెప్పారు. 1918లో మైసూరు మహారాజా కళాశాలలో తత్త్వశాస్త్ర ఆచార్యులయ్యారు. మైసూరు విశ్వవిద్యాలయం అప్పటికి రెండేళ్ల పసిగుడ్డు. అది 1916లో పుట్టినప్పుడు దివానుగా ఉన్నది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఆయన ఇంటిపేరు కూడా తెలుగునేల మీది ఊరిదే. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం ఐదవ జార్జి పేరిట ఉన్న పీఠానికి రాధాకృష్ణన్ గారిని పిలిచింది. మైసూరు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని గుర్రాలు లేకుండా తామే లాగి ఆయన్ను రైలుస్టేషనుకు చేర్చిన సంగతి కర్ణాటకలోని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

భారతీయ తత్త్వశాస్త్రంపై ఆయన ఇంగ్లీషు గ్రంథం మొదటి సంపుటం 1923లో, రెండవది 1927లో వచ్చాయి. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆయనా చిత్తూరు సీమవారే, ఆయనా మైసూరు మహారాజా కళాశాలలో పనిచేసినవారే. రాధాకృష్ణన్ గారి హయాంలో వాల్తేరుకు వచ్చిన అధ్యాపకులలో హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు, రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి ఉన్నారు. ఒడిశాలోని మన పాఠకులకు మరో మాట చెప్పాలి. ఆ విశ్వవిద్యాలయపు శాస్త్ర సాంకేతిక కళాశాలకు పెద్ద విరాళమిచ్చినది జయపురం మహారాజా విక్రమదేవ వర్మ. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రానికి కొత్తగా ఏర్పడిన స్పాల్డింగ్ పీఠం ఆయనకు దక్కింది. 1952 వరకు ఆ పీఠంలో ఉన్నారు. 1939 నుంచి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగానూ ఉన్నారు. 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షత వహించారు. ఆ తరువాత మాస్కోలో రాయబారి, ఉపరాష్ట్రపతి (1952-62), రాష్ట్రపతి (1962-67). 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. మైలాపూరులో ఆయన ఇల్లున్న ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు ఇప్పుడు రాధాకృష్ణన్ శాలై.

కుమారుడు: పత్రాలు చూడనిదే మాట చెప్పని చరిత్రకారుడు

రాధాకృష్ణన్, శివకాము దంపతులకు ఐదుగురు కుమార్తెలు, ఒక్క కుమారుడు. గోపాల్ 1923 ఏప్రిల్ 23న మద్రాసులో పుట్టారు. తండ్రి మొదటి పెద్ద గ్రంథం వచ్చిన సంవత్సరమే అది. తండ్రి చదువు తిరుపతి మిషన్ బడిలో సాగితే, కుమారుడి చదువు కొంత లండన్‌లోని మిల్ హిల్ పాఠశాలలో సాగింది. తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాల, ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కళాశాల. ఒక్క తరంలో ఇంటి స్థితి ఎంత మారిందో ఈ రెండు వరుసలే చెబుతాయి.

గోపాల్ తండ్రి శాఖను తీసుకోలేదు. తత్త్వశాస్త్రం వదిలి ఆధునిక భారత చరిత్ర వైపు వెళ్లారు. లార్డ్ రిపన్ పాలనపై ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధన 1953లో పుస్తకమైంది. తండ్రి ఉపాధ్యక్షులుగా ఉన్న వాల్తేరులోనే ఆయనా కొంతకాలం చరిత్ర బోధించారు. ఆ తరువాత జాతీయ ప్రాచీన పత్రాగారంలో పనిచేసి, 1954 నుంచి విదేశాంగ శాఖలో చరిత్ర విభాగం డైరెక్టరయ్యారు. చైనాతో సరిహద్దు తగవు ముదిరినప్పుడు లండన్ వెళ్లి పాత పత్రాలు పరిశీలించి నెహ్రూకు నివేదించినది ఆయనే. 1960లో రెండు దేశాల అధికారుల చర్చల్లోనూ పాల్గొన్నారు.

1966లో ఆక్స్‌ఫర్డ్‌లో దక్షిణాసియా చరిత్రకు రీడరయ్యారు. తండ్రి పాఠం చెప్పిన విశ్వవిద్యాలయంలోనే కుమారుడూ పాఠం చెప్పారు, కానీ వేరే శాఖలో, వేరే కళాశాలలో. 1970ల మొదట్లో ఢిల్లీకి వచ్చి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చరిత్ర అధ్యయన కేంద్రాన్ని నిలబెట్టినవారిలో ఒకరయ్యారు. రొమిలా థాపర్, సతీష్ చంద్ర, బిపన్ చంద్ర అక్కడి సహచరులు. నెహ్రూ జీవితచరిత్ర మూడు సంపుటాలు 1975, 1979, 1984లలో వచ్చాయి. మొదటి సంపుటానికి 1976లో ఇంగ్లీషు విభాగంలో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ అకాడమీకి 1968లో మొదటి ఫెలో తండ్రే. గోపాల్ 1999లో పద్మవిభూషణ్ అందుకుని, 2002 ఏప్రిల్ 20న చెన్నైలో మరణించారు.

కొడుకు రాసిన తండ్రి కథ

గోపాల్ 1989లో తండ్రి జీవితచరిత్ర ప్రచురించారు. మన కుటుంబ చరిత్రలలో పెద్దల గురించి పొగడ్తే ఎక్కువ. ఈ పుస్తకం ఆ దారిన పోలేదు. తండ్రి పాండిత్యాన్ని, కష్టాన్ని ఎంత శ్రద్ధగా రాశారో, భర్తగా ఆయన లోపాలనూ అంత సూటిగా రాశారు. 1956లో పోయిన తల్లి శివకాము మౌనంగా పడిన బాధను కూడా దాచలేదు. కొంతమందికి అది రుచించలేదు. చనిపోయిన తండ్రి మీద కొడుకు అలా రాయవచ్చా అన్నారు. మా అభిప్రాయం వేరు. ఇతరుల జీవితాలను పత్రాలతో తూచిన చరిత్రకారుడు సొంత ఇంటికి వేరే తూకం పెట్టలేదు. తల్లి పేరు కేవలం వంశవృక్షంలో మిగిలిపోకుండా చూసింది కూడా ఆ నిజాయితీయే.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆరుగురు పిల్లలలో విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా లోకానికి తెలిసింది కుమారుడొక్కడే. ఆ కాలంలో ఆడపిల్లలకు పెళ్లి, మగపిల్లవాడికి పై చదువు అన్నది చదువుకున్న ఇళ్లలోనూ ఉన్న తీరు. ఈ కుటుంబాన్ని ఆదర్శంగా చెప్పుకునేటప్పుడు ఆ లెక్కను పక్కన పెట్టకూడదు.

తెలుగు ఎక్కడ?

మన పాఠకులు తప్పక అడిగే ప్రశ్న ఇది. ఇద్దరి పేరు నిలిపిన గ్రంథాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మద్రాసు, మైసూరు, కలకత్తా, ఆక్స్‌ఫర్డ్, ఢిల్లీ తిరిగిన కొలువులకు అదే భాష కావాలి. అయితే తండ్రి అధ్యక్షత వహించిన కమిషనే ఉన్నత విద్యలో ఇంగ్లీషు స్థానంలోకి వీలైనంత త్వరగా భారతీయ భాష రావాలని సిఫారసు చేసింది. విద్యార్థికి ప్రాంతీయ భాష, దేశభాష, ఇంగ్లీషు మూడూ తెలియాలన్నది. ఆ కోరిక ఇంకా తీరలేదు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగు ఇంటి పిల్లవాడు ఈ రోజు మూడు భాషలు మాట్లాడుతున్నాడు. తెలుగు చదవగలడా అంటే చాలా ఇళ్లలో జవాబు లేదు.

సర్వేపల్లి వారి కథ మిగిలింది వారి పదవుల వల్ల మాత్రమే కాదు, రెండవ తరంలో ఒకరు కూర్చుని ఉత్తరాలు, తేదీలు, ఇంటి సంగతులు సరిచూసి రాయడం వల్ల. మన ఇళ్లలో కూడా మొదటి తరం మాస్టార్లు, లెక్చరర్లు ఉన్నారు. తాతగారు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ బడిలో చదివారు, ఫీజు ఎవరు కట్టారు, నాయనమ్మ ఏం వదులుకుంది, అక్కచెల్లెళ్ల చదువు ఎక్కడ ఆగింది — ఇవి చెప్పగల పెద్దవారు ఉండగానే అడిగి తెలుగులో రాసిపెట్టుకుందాం. పాత సర్టిఫికెట్లను, ఉత్తరాలను చిత్తుకాగితాల బేరానికి వేయకుండా ఒక పెట్టెలో దాచుకుందాం.